అద్దాలు ఇచ్చాము, రిజిస్టరులో సంతకం ఉంది, అయినా పెచ్చు కంట్లోనే పడింది

గుండ్లాపల్లి సూపర్‌వైజర్:

సభ్యులందరికీ నమస్కారం. ఒంగోలు దగ్గర గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లో ఒక గ్రానైట్ కోత, పాలిష్ యూనిట్‌లో నేను షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. క్రిందటి వారం చేతి కట్టరుతో పలకల అంచులు కోసే కుర్రవాడి కుడికంట్లో రాతి పెచ్చు పడింది. గాగుల్స్ ఇచ్చినట్టు రిజిస్టరులో అతని సంతకం ఉంది. ఆ సమయానికి అవి అతని నుదుటి మీద ఉన్నాయి. పక్కనున్నవాడు చేతిరుమాలు కొనతో పెచ్చును తీయబోయాడు, ఇతను కన్ను నలుపుకున్నాడు, సాయంత్రం దాకా పని కూడా చేశాడు. మరునాడు కన్ను ఎర్రగా వాచి, వెలుతురు చూడలేని స్థితిలో వస్తే ఆసుపత్రికి పంపాము. పెచ్చు నల్లగుడ్డు మీది పొరలో దిగబడిందనీ, తీసేశామనీ, చూపుకు ముప్పు లేదనీ డాక్టరుగారు చెప్పారు.

ఇప్పుడు యజమాని గారు అందరికీ శిక్షణ పెట్టమంటున్నారు. నిరుడు కూడా పెట్టాము. ఒకాయన వచ్చి ఇంగ్లీషులో స్లైడ్లు వేసి, ఫోటోలు తీయించుకొని, సంతకాలు పట్టుకొని వెళ్ళారు. మా దగ్గర సగం మంది ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు. అద్దాలు ఎందుకు పెట్టుకోవడం లేదని అడిగితే తెలుగువాళ్ళయినా, వాళ్ళయినా చెప్పే సమాధానం ఒక్కటే: "ఏందన్నా, అవి పెట్టుకుంటే కోత గీత కనపడదు." ఈసారి శిక్షణ నిజంగా పనికివచ్చేట్టు చేయాలంటే ఏం చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

పాత సేఫ్టీ ఆఫీసర్:

సూపర్‌వైజర్ గారూ, శిక్షణ సంగతి తరువాత చూద్దాం. ముందు రెండు విషయాలు చెప్పండి. ఆ కట్టరుకు గార్డు, అంటే తిరిగే కోత బిళ్ళకు అడ్డుండే రేకు, ఉందా? మీరు ఇచ్చిన అద్దాల మీద ఏ ముద్ర ఉంది?

ఎందుకు అడుగుతున్నానంటే, నాలుగంగుళాల బిళ్ళ నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 63 మీటర్ల వేగంతో కదులుతుంది. గార్డు ఊడదీసి అదే మెషినుకు ఐదంగుళాల బిళ్ళ బిగిస్తే ఆ వేగం 78 మీటర్లు దాటుతుంది. పెచ్చు ఇంచుమించు ఆ వేగంతోనే లేస్తుంది. యూరప్‌లో చాలాకాలం నడిచిన ఈఎన్ 166 ప్రమాణంలో 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును అద్దం మీదికి కొట్టి పరీక్షిస్తారు. సెకనుకు 45 మీటర్ల వేగాన్ని తట్టుకుంటే ఎఫ్, 120 తట్టుకుంటే బి, 190 తట్టుకుంటే ఎ అక్షరం వేస్తారు. చెవులకు తగిలించుకునే కళ్ళజోడు ఎఫ్ వరకే వస్తుంది, తలకు పట్టీతో బిగించే గాగుల్స్ బి వరకు వస్తాయి, ఎ అనేది ముఖానికి అడ్డుపెట్టే షీల్డుకు మాత్రమే దక్కుతుంది. మన దేశంలో కంటి రక్షణ సాధనాల ప్రమాణం ఐఎస్ 5983. బజారులో తోపుడుబండి మీద దొరికే పారదర్శకపు అద్దాల మీద ఇవేవీ ఉండవు.

ఇంకొక్క మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్, ముక్కలు ఎగిరే పనుల్లోనూ, అధిక వెలుతురు ఉండే పనుల్లోనూ "తెరలు లేదా తగిన గాగుల్స్" సమకూర్చాలని చెప్పింది. ఆ చట్టాన్ని తరువాత 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. నేను చెప్పదలచుకున్నది సెక్షన్ సంగతి కాదు, అందులోని మాటల వరుస. తెర అనే మాట ముందు వచ్చింది, గాగుల్స్ తరువాత వచ్చాయి. మెషినుకు గార్డు లేక, పక్కవాడికీ ఇతనికీ నడుమ అడ్డు లేక, అంతా ముక్కు మీది అద్దం మీదే భారం వేసే యూనిట్లను నా ఉద్యోగకాలంలో చాలా చూశాను.

అడుగు లెక్క:

నేను ఇరవై ఏళ్ళుగా కోత పనిలో ఉన్నవాడిని. సూపర్‌వైజర్ గారు కోప్పడకుండా వినాలి. మాకు కూలి అడుగు లెక్కన వస్తుంది. నీళ్ళు పెట్టి కోస్తే అద్దం మీద బురదనీరు చిమ్ముతుంది, పొడిగా కోస్తే దుమ్ము కప్పేస్తుంది. ఐదు నిమిషాలకోసారి ఆపి తుడుచుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి అడుగులు తగ్గుతాయి. అడుగులు తగ్గితే ఇంట్లో చెప్పుకోవలసింది నేను. పైగా చొక్కా అంచుతో తుడిచేసరికి అద్దం గీతలు పడి వారంలోనే పొగమంచులా తయారవుతుంది. కొత్తది అడిగితే స్టోరులో "మొన్ననే కదా ఇచ్చింది" అంటారు. ఇక ముక్కుకు మాస్కు కూడా కట్టుకుంటే లోపలి ఊపిరి పైకి తన్ని అద్దమంతా ఆవిరి పడుతుంది. మే నెలలో ఒంగోలు ఎండకు రేకుల షెడ్డు కింద నిలబడి ఒక పూట మీరూ పెట్టుకొని చూడండి. ఇంతకూ మీరు షెడ్డులో తిరిగేటప్పుడు పెట్టుకుంటారా?

గుండ్లాపల్లి సూపర్‌వైజర్:

నిజం ఒప్పుకుంటాను, నేను పెట్టుకోను. గార్డు విషయం ఇవాళ చూశాను: ఆరు కట్టర్లలో నాలుగింటికి లేదు. అద్దాల మీద ఏ ముద్రా లేదు. అవి తుడవడానికి మావాళ్ళు వాడుతున్నది నీళ్ళు కూడా కాదు, పలకలకు రెజిన్ జిగురు పూసే లైను దగ్గరుండే థిన్నరు. తెల్లగా, సన్నటి పగుళ్ళతో ఉన్న అద్దాలు మూడు దొరికాయి.

పాత సేఫ్టీ ఆఫీసర్:

థిన్నరూ, అసిటోనూ ఈ అద్దాలు చేసే పాలీకార్బొనేటు ప్లాస్టిక్‌కు విషంతో సమానం. ఆ పగుళ్ళు పడిన అద్దం చూడడానికి నిలిచినట్టే ఉంటుంది కానీ దెబ్బను తట్టుకునే గుణం పోయి ఉంటుంది. వాటిని వెంటనే విరగ్గొట్టి పారేయండి, లేకపోతే మళ్ళీ ఎవరో ఒకరు తీసి పెట్టుకుంటారు.

అడుగు లెక్క గారు చెప్పినవన్నీ సబబే, వాటిలో చాలావాటికి విరుగుడు చౌకగానే ఉంది. పాలీకార్బొనేటు దెబ్బకు గట్టిది, గీతకు మెత్తనిది. రాతి దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్ళలో ముంచి దుమ్ము వదిలించి, ఒక చుక్క సబ్బునీళ్ళతో వేళ్ళతోనే కడిగి, మెత్తని గుడ్డతో అద్దాలి. కోత దగ్గరే ఒక మంచినీళ్ళ బకెట్, మనిషికి రెండు జతల గాగుల్స్ ఉంటే ఒకటి మాసినప్పుడు రెండోది తగిలించుకొని పని సాగించవచ్చు. సబ్బు పొర కొంతసేపు ఆవిరిని కూడా ఆపుతుంది. మాస్కు పైఅంచున ఉండే రేకును ముక్కు మీద నొక్కి, గాగుల్స్‌ను దాని మీదుగా కూర్చోబెడితే ఊపిరి కిందికి పోతుంది. నుదుటికి తువ్వాలు మడిచి కట్టుకుంటే చెమట అద్దంలోకి దిగదు. కొనేటప్పుడు పక్కల సూటి రంధ్రాలు కాక, మెలిక తిరిగిన గాలిదారులున్న గాగుల్స్ అడగండి. వాటిలో గాలి ఆడుతుంది, చిమ్మిన నీళ్ళు లోపలికి రావు.

ముఖం మొత్తానికి అడ్డుండే షీల్డు ఇస్తే చాలదా అని తరువాతి ప్రశ్న వస్తుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను, చాలదు. షీల్డు గడ్డం దగ్గర తెరిచి ఉంటుంది, కింద నుంచి ఎగిసిన పెచ్చు దాని లోపలికి వస్తుంది. షీల్డు కింద గాగుల్స్ ఉండి తీరాలి.

కంటి సహాయకుడు:

నేను ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. "గీత కనపడదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. సూపర్‌వైజర్ గారూ, ఆ మాట అన్నవారి వయసెంతో గమనించారా? నలభై దాటినవారికి చత్వారం వస్తుంది. దగ్గరి గీత మసకబారుతుంది. అప్పటికే మసకగా ఉన్న చూపుకు గీతలు పడిన అద్దం తోడైతే ఆ మనిషికి అది నిజంగానే గుడ్డితనంలా అనిపిస్తుంది. అతను మొండికేస్తున్నాడని మనం అనుకుంటాము. కంటి క్యాంపుల్లో కోతపని వారిని, వెల్డర్లను చూసినప్పుడు, అక్షరాల చీటీ చేతికిస్తే చెయ్యి చాచి దూరంగా పట్టుకునేవారే ఎక్కువ. కాబట్టి మీ శిక్షణను చూపు పరీక్షతో మొదలుపెట్టండి. పవరు అవసరమైనవారు మామూలు కళ్ళజోడు మీదుగా పెట్టుకోదగిన పెద్ద గాగుల్స్ ఉన్నాయి, కింది భాగంలో దగ్గరి చూపు పవరు ఉన్న భద్రతా అద్దాలు కూడా దొరుకుతాయి. మామూలు కళ్ళజోడును మాత్రం రక్షణ సాధనంగా లెక్కపెట్టకూడదు.

ఇక ఆ రుమాలు కొన సంగతి. కంట్లో దుమ్ము పడితే రెప్ప ఎత్తి నీళ్ళతో కడగడం వరకే తోటివారి పని. కడిగినా పోకుండా గుచ్చుతూ ఉంటే దాన్ని గుడ్డతో, అగ్గిపుల్లతో, నాలుకతో తీయబోవడం వల్ల నల్లగుడ్డు పొర గీసుకుపోయి పుండు పడుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, పుండులో బూజు చేరిన పక్షంలో అది మరింత రెచ్చిపోతుంది. ఈ బూజు పుండ్లు వడ్లపొట్టు తగిలిన రైస్ మిల్లు కూలీల్లోనూ, కోతల సమయంలో రైతుల్లోనూ మేము తరచుగా చూస్తాము. ముక్క గుచ్చుకొని నిలిచి ఉంటే కడగనూ కూడదు, పీకనూ కూడదు. కంటిమీద నొక్కిడి పడకుండా కాగితపు టీకప్పును బోర్లించి, ప్లాస్టరు అంటించి ఆసుపత్రికి పంపాలి. సుత్తి, ఉలి పనిలో దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా పంపాలి. సన్నటి ఇనుపరజను గుడ్డును చీల్చుకొని లోపలికి పోయినా పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల తుప్పు పట్టి నెలల తరువాత చూపు తీసుకుపోతుంది. ఏ పని చేస్తుండగా తగిలిందో డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇనుము అని అనుమానం ఉంటే ఎంఆర్ఐ తీయరు.

ముత్తుకూరు వెల్డర్:

కృష్ణపట్నం వైపు ఫాబ్రికేషన్ పనుల్లో ఉంటాను. మావైపు సమస్య వేరు. మంట వెలుతురు తగిలినప్పుడు ఏమీ తెలియదు. రాత్రి పదింటికి, పదకొండింటికి కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలై, నీళ్ళు కారి, తెల్లవార్లూ నిద్ర ఉండదు. వెల్డరు కంటే పక్కన పట్టుకున్న హెల్పరే ఎక్కువ బాధపడతాడు. వెల్డరుకు నల్లద్దం ఉంటుంది, హెల్పరుకు తల తిప్పుకోవడం ఒక్కటే ఆధారం. వంద ఆంపియర్ల చుట్టుపక్కల ఆర్క్ పనికి 10 లేదా 11 నంబరు నల్లద్దం కావాలి, గ్యాస్ కటింగ్‌కు 4, 5 నంబర్లు సరిపోతాయి. కూలింగ్ గ్లాసు రెండింటికీ పనికిరాదు.

మావాళ్ళకు ఎక్కువగా దెబ్బ తగిలేది వెల్డింగులో కూడా కాదు, ఆ తరువాత అతుకు మీద పేరుకున్న స్లాగ్ పెళ్ళను కొట్టేటప్పుడు. అతుకు ఎలా వచ్చిందో చూడాలనే ఆత్రంతో షీల్డు పక్కనపెట్టి, చిప్పింగ్ సుత్తితో టకటకా కొడతాడు. ఎర్రటి పెళ్ళ లేచి రెప్ప మీద పడుతుంది. అందుకే షీల్డు లోపల తెల్లద్దాల జోడు ఎప్పుడూ ఉండాలని మా ఫోర్‌మన్ గారు పట్టుబట్టారు.

శిక్షణలో ఆయన చేసిన పని ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. కిటికీ అద్దం ముక్క ఒకటి తెచ్చి, ఇనుము గ్రైండింగ్ చేసే చోట రవ్వలు తగిలేట్టు నిలబెట్టి, ఒక పావుగంట పని చేయించారు. తరువాత దాన్ని తుడిచి మా చేతికిచ్చి గోటితో గీకమన్నారు. గోధుమరంగు చుక్కలు అద్దంలోకి కరిగి దిగబడి ఉన్నాయి, గోటికి గరగరా తగిలాయి, ఎంత రుద్దినా రాలేదు. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ ముక్క వరుసలో చివరివాడి దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

చీమకుర్తి బెంచి:

క్వారీల సంగతి కొంచెం వేరని కొత్తవారు తెలుసుకోవాలి. పాలిష్ యూనిట్ ఫ్యాక్టరీల శాఖ కిందికి వస్తే, క్వారీ గనుల లెక్కలోకి వస్తుంది, మాకు తనిఖీ చేసేది గనుల భద్రతా డైరెక్టరేట్. 1966 నాటి వృత్తి శిక్షణ నియమాల ప్రకారం కొత్తగా దిగేవాడికి శిక్షణ, పాతవాడికి మళ్ళీ మళ్ళీ పునశ్చరణ ఉండాలి. మా బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్‌ను డైమండ్ వైర్‌తో, అంటే వజ్రపు పూసలు గుచ్చిన తీగతో కోస్తాము. ఆ తీగ తెగితే పూసలు తూటాల్లా పోతాయి. అక్కడ అద్దాల మీద ఆశ పెట్టుకోకూడదు. తీగ సాగే వరుసలో మనిషి నిలబడకుండా ఉండడం, గార్డు రబ్బరు వేలాడదీయడం, ఇవే నేర్పవలసినవి. ఏ ప్రమాదానికి అద్దం చాలదో కూడా శిక్షణలో చెప్పాలి.

రొయ్యల గుంట:

విడవలూరు వైపు చెరువులు చేస్తాను. రాళ్ళ మధ్య సున్నం మాట ఎత్తుతున్నందుకు క్షమించాలి. మేము గుంటలకు సున్నం చేత్తో చల్లుతాము, బ్లీచింగ్ కలుపుతాము. నాలుగేళ్ళ క్రితం మా దగ్గర ఒకాయన గాలికి ఎదురు నిలబడి సున్నం చల్లాడు. కంట్లో పడగానే గుంట నీళ్ళే చల్లుకొని, మోటారు సైకిలెక్కి ఊళ్ళోకి పోయాడు. ఆ కంటికి ఇప్పుడు వెలుతురు తప్ప మరేమీ తెలియదు. ఇలాంటివాటికి ఏ అద్దాలు వాడాలి?

కంటి సహాయకుడు:

చాలా సరైన చోట అడిగారు. ఆమ్లం పడితే కంటి పైపొరలోని మాంసకృత్తు గడ్డకట్టి కొంతవరకైనా అడ్డు నిలుస్తుంది. సున్నం, కాస్టిక్ సోడా, అమోనియా వంటి క్షారాలు ఆ పొరలోని కొవ్వును సబ్బులా మార్చుకుంటూ లోపలికి దిగుతాయి, ఆగవు. అందుకే క్షారానికి మొదటి వైద్యం ఆసుపత్రిలో కాదు, పడిన చోటే, పడిన క్షణంలోనే జరగాలి. దొరికిన శుభ్రమైన నీళ్ళతో రెప్పలు వేళ్ళతో విప్పి పట్టి, కనుగుడ్డును అటూ ఇటూ తిప్పిస్తూ కనీసం 15 నిమిషాలు, సున్నమైతే అరగంట కడగాలి. పైరెప్ప కింద సున్నపు పలుకు దాగి ఉంటుంది, అది ఉన్నంతసేపూ కాలుస్తూనే ఉంటుంది. విరుగుడని నిమ్మరసం పోయకూడదు. బాధితుణ్ణి బండెక్కించడం కడగడం అయిన తరువాతే.

అద్దాల విషయంలో, చల్లే సున్నానికీ, చిమ్మే ద్రవాలకూ మెలిక గాలిదారుల గాగుల్స్ వాడాలి. ఐస్ ప్లాంటులో అమోనియా వంటి వాయువులకు అసలు రంధ్రాలే లేనివి కావాలి. గాలికి వీపు పెట్టి చల్లడం వీటన్నిటికంటే ముందు.

గుండ్లాపల్లి సూపర్‌వైజర్:

మా రెజిన్ లైనులో జిగురును గట్టిపరిచే హార్డెనరు వాడుతాము, డబ్బా మీద ఒళ్ళు కాలుతుందన్న గుర్తు ఉంది. దాని దగ్గర కన్ను కడుక్కునే ఏర్పాటు లేదు. ఇవాళ మిద్దె మీది ట్యాంకు నుంచి ఒక పైపు లాగి పెట్టిద్దామనుకొని మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేకపోయాను.

పాత సేఫ్టీ ఆఫీసర్:

ముందే చెయ్యి పెట్టి చూశారు, మంచిపని. చాలాచోట్ల ప్రమాదం జరిగిన రోజునే ఆ సంగతి తెలుస్తుంది. కన్ను కడిగే నీళ్ళు 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. నిమిషానికి కనీసం ఒకటిన్నర లీటర్ల ధార 15 నిమిషాలు ఆగకుండా రావాలి, ప్రమాదం ఉన్నచోటు నుంచి 10 సెకన్లలో అక్కడికి చేరగలగాలి, ఒకసారి తిప్పితే చెయ్యి పెట్టకపోయినా పారుతూ ఉండాలి. చెయ్యి రెప్పలు విప్పడానికి కావాలి కదా. మీకు నీడలో ఎత్తు మీద వేరే చిన్న ట్యాంకు పెట్టి, దానికి గొట్టాన్ని షెడ్డు రేకులకు తగలకుండా తెస్తే సరిపోతుంది. వారానికి ఒకసారి నీళ్ళు వదిలి పాత నీరు పోగొట్టండి.

లెక్క చూసేవాడు:

నేను ఒక చిన్న యూనిట్ నడుపుతున్నవాడిని. ఇన్ని చెబుతున్నారు కానీ ఖర్చు మాట ఎవరూ ఎత్తడం లేదు. ఇచ్చినా పెట్టుకోనివాడికి జరిమానా వేయడమే మందు అని నా అభిప్రాయం.

పాత సేఫ్టీ ఆఫీసర్:

అయ్యా, ఖర్చే చూద్దాం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టపు షెడ్యూలులో, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టంగా లెక్కించేవారు. కన్ను ఉండి చూపు మాత్రమే పోతే 30 శాతం. ఈఎస్ఐ బీమా కింద లేని కార్మికుడైతే ఆ పరిహారం మీ జేబులోంచే వెళుతుంది. మంచి గాగుల్స్ రెండు జతల వెలను దాని పక్కన పెట్టి చూసుకోండి. జరిమానా గురించి అయితే, గీతలు పడిన అద్దం పెట్టుకోనందుకు జరిమానా వేస్తే అతను మీరు షెడ్డులోకి వచ్చినప్పుడు మాత్రమే పెట్టుకుంటాడు.

అడుగు లెక్క:

అంతే. బయట బండి హారన్ వినపడగానే అందరి గాగుల్స్ కళ్ళ మీదికి దిగుతాయి. నేనూ దించినవాడినే.

గుండ్లాపల్లి సూపర్‌వైజర్:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. కరెంటు లేని ఒక శుక్రవారం ఉదయం శిక్షణ పెట్టాము. స్లైడ్లు లేవు. ముందు ఆప్టికల్ దుకాణం నుంచి ఒకరిని పిలిపించి చూపు పరీక్ష చేయించాము. ముప్పై నలుగురిలో పదకొండు మందికి దగ్గరి చూపు అద్దాలు కావలసి వచ్చాయి. గీత కనపడదని అందరికంటే గట్టిగా వాదించిన మేస్త్రీ ఆ పదకొండు మందిలో ఉన్నారు. ఆయన అద్దం పెట్టుకొని టేపు మీది మిల్లీమీటర్లు చదివి, చాలాసేపు టేపునే చూస్తూ ఉండిపోయారు.

తరువాత ఒక కన్ను మూసుకొని, చేతులు చాచి, రెండు పెన్నుల కొనలను ఒకదానికొకటి తాకించమన్నాము. మొదటి ప్రయత్నంలో తాకించినవారు చాలా తక్కువ. ఆ పిల్లవాడు, పెచ్చు పడినవాడు, కంటికి కట్టు ఉన్న రోజుల్లో అన్నం గిన్నె పక్కన కూర వడ్డించుకున్నానని ఒడియాలో చెబితే వాళ్ళవాళ్ళు నవ్వారు, మళ్ళీ ఊరుకున్నారు. ఆఖరున రెజిన్ లైను దగ్గర ఒక్కొక్కరికీ తువ్వాలుతో కళ్ళు కట్టి, కొత్త కుళాయి దాకా నడవమని గడియారం పట్టాము. నాకు పద్దెనిమిది సెకన్లు పట్టింది, దారిలో పెట్టిన ఖాళీ డబ్బాలను తన్నుకున్నాను. ఆ డబ్బాలను అప్పుడే తీయించాము.

గార్డులు ఆరింటికీ వచ్చాయి. కోతవరుసల మధ్య రబ్బరు తెరలు కట్టాము. మనిషికి రెండు జతలు ఇచ్చాము, పాతది తెస్తే ప్రశ్న అడగకుండా కొత్తది ఇవ్వాలని స్టోరుకు చెప్పాము. కడగడానికి పట్టే సమయానికి రోజుకు ఇన్ని అడుగులని కలిపి ఇవ్వమని యజమాని గారిని అడిగాను, ప్రస్తుతం ఆరు అడుగులకు ఒప్పుకున్నారు. అడుగు లెక్క గారు ఇది చాలదంటారని తెలుసు.

అడుగు లెక్క:

చాలదు. పది అడగండి. బకెట్లో నీళ్ళు పూటకోసారి మార్పించండి, బురదనీళ్ళలో కడిగితే మళ్ళీ గీతలే. మీరు పెట్టుకుంటున్నారా?

గుండ్లాపల్లి సూపర్‌వైజర్:

పెట్టుకుంటున్నాను. నాకూ చత్వారమేనట, ఒకటిన్నర పవరు.